సలీం సంతకం కోసం అమీర్‌పేట దాకా

మంగళవారం సాయంత్రం ఈమెయిల్ వచ్చింది. గురువారం పొద్దున ఆరింటికల్లా కరీంనగర్ బస్టాండులో ఉన్నాను. మధ్యలో బుధవారమంతా తిట్టుకోవడానికే సరిపోయింది.

సంగతేమిటో ముందే చెప్పేస్తాను. నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను, కాంట్రాక్టు మీద. గల్ఫ్‌కు వలసపోయే మనవాళ్ల గురించి, వాళ్ల పేరుతో రెండు ప్రభుత్వాలు రాసుకునే ఒప్పందాల గురించి ఒక వ్యాసం రాసి, అంతర్జాతీయ రాజకీయాల మీద వెలువడే ఒక విదేశీ జర్నల్‌కు పంపాను. పంపి మూడేళ్లు దాటింది. అక్కడ ఇద్దరు పండితులు తమ పేరు చెప్పకుండా మన వ్యాసం చదివి లోపాలు ఎత్తి చూపుతారు. మొదటాయన మెచ్చుకున్నాడు. రెండో ఆయన తనకిష్టమైన సిద్ధాంతం ఇందులో ఎందుకు లేదని అడిగాడు. పెట్టాను. పెట్టాక, ఇది ఇక్కడ ఎందుకుందని అడిగాడు. తీసేశాను. ఇట్లా తల ప్రాణం తోకకొచ్చాక, ఈ మధ్యే అచ్చుకు ఒప్పుకున్నారు. వచ్చే నెల మా పోస్టులకు ఇంటర్వ్యూలు. ఈ వ్యాసం ఈ సంచికలో వస్తే నా ఉద్యోగం పర్మనెంటయ్యే దారి ఉంది. రాకపోతే లేదు. నా వయసుకు ఇంకో ఇంటర్వ్యూ పిలుపు రాదు.

అంతా అయిపోయిందని ఊపిరి పీల్చుకున్నాక వచ్చిందీ ఈమెయిల్. మీ వ్యాసంలో సలీం అనే వ్యక్తి చెప్పిన మాటలున్నాయి కదా, ఆయన రాతపూర్వకంగా ఇచ్చిన సమ్మతి మా దగ్గర లేదు, జతపరిచిన పత్రం మీద సంతకం చేయించి శుక్రవారంలోగా పంపండి, లేదంటే వ్యాసాన్ని ఈ సంచిక నుంచి తప్పిస్తాం అని.

సలీం పేరు సలీం కాదు. వివరాలు చెప్పినవాళ్ల పేర్లు దాచిపెట్టాలని ఆ జర్నల్ నియమం. అందుకని నేనే పెట్టిన మారుపేరది. అసలు మనిషి ఖాజా మొయినుద్దీన్, టైలరు, జగిత్యాల దగ్గరి పల్లె. కుట్టుపనని చెప్పి ఇక్కడ ఒక కాగితం మీద సంతకం చేయించుకుని, విమానం దిగాక ఆయనకు రాని భాషలో ఇంకో కాగితం మీద సంతకం చేయించుకుని, రెండేళ్లు గోదాములో మూటలు మోయించారు. ఆయన తిరిగొచ్చాక ఊళ్లో కూర్చుని ఇదంతా నాకు చెప్పాడు. నా వ్యాసం మొత్తం సారం ఒక్కటే: సంతకం ఉన్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఆ ముక్కే మొదటి పండితుడికి తెగ నచ్చింది. ఇప్పుడు అదే మనిషి ఒప్పుకున్నాడనడానికి రుజువుగా వాళ్లకు సంతకం కావాలట! చదివి నవ్వాలో, గోడకేసి తల కొట్టుకోవాలో నాకు తెలియలేదు.

‘రాస్కోండి మేడమ్, అంత రాస్కోండి’ అని ఆయనన్న రికార్డింగు నా దగ్గర ఉందని జవాబు రాశాను. మా పోర్టల్‌లో ఆడియోకు చోటు లేదని తిరుగు టపాలో వచ్చింది. బుధవారం ఖాజా భాయ్ బావమరిదిని పట్టుకుని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. ఆయనిప్పుడు హైదరాబాదులో, మధురానగర్‌లో దుకాణం పెట్టుకున్నాడు. ‘ఫోన్ల సంతకం ముచ్చట వద్దు మేడమ్. ఇటే రాండ్రి, చాయ్ తాగుకుంట మాట్లాడుదాం’ అని పెట్టేశాడు.

అదీ కథ. ఇక ప్రయాణం.

ఆరుంబావుకు కదిలే ఎక్స్‌ప్రెస్‌లో కిటికీ పక్కన సీటు దొరికింది. ఆడవాళ్లకు జీరో టికెట్ కాబట్టి ఖర్చు లేదు, ఆధార్ కార్డు మాత్రం మరచిపోకండి. పక్కన ఒక పెద్దామె ఒడిలో చేతిసంచి పెట్టుకుని కూర్చుంది. బల్కంపేట ఎల్లమ్మకు మొక్కు తీర్చడానికి పోతోందట. సిద్దిపేట దాటేలోపు నా పుట్టుపూర్వోత్తరాలన్నీ లాగేసింది.

“గంత దూరం ఒక్క సంతకానికా బిడ్డా?”

“అవునమ్మా. నేను రాసింది పుస్తకంలో పడాలంటే ఆ సంతకం ఉండాలె.”

“పడితే పైసలెన్నిస్తరు?”

“ఏమియ్యరు.”

“ఏమియ్యరా!” ఆమె నా మొహంలోకి జాలిగా చూసింది. “మరి మూడేండ్ల సంది ఎందుకు రాస్తున్నవే?”

ఈ ప్రశ్నకు మా డిపార్టుమెంటులో ఎవరి దగ్గరా జవాబు లేదు. ఉద్యోగం కోసమమ్మా అన్నాను. “అట్లను మరి” అని ఆమె తృప్తిపడి, సంచిలోంచి రెండు సకినాలు తీసిచ్చింది. ఎల్లమ్మకు నా పేరు మీద కూడా ఒక దండం పెడతానంది.

పదింబావుకు జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగాం. అక్కడి నుంచి అమీర్‌పేటకు మెట్రో సులువు, కానీ రైలు మారే అవసరం లేకుండా పోవాలంటే పై వంతెన మీదుగా నడిచి నీలం లైను పట్టుకోవాలి. నేను బోర్డు సరిగ్గా చూడకుండా ఆకుపచ్చ లైను ప్లాట్‌ఫారం దాకా పోయి వెనక్కొచ్చాను. మీరు ఆ పని చేయకండి. అమీర్‌పేటలో దిగినవాళ్లు, ఎక్కేవాళ్లు, లైను మారేవాళ్లు అందరూ ఒకేసారి ఒకే మెట్ల మీద ఉంటారు. ఆ తోపులాటలో నా హ్యాండ్‌బ్యాగు పట్టీ ఒక కుర్రవాడి ల్యాప్‌టాప్ సంచికి తగులుకుని పుటుక్కున తెగింది. ‘సారీ ఆంటీ’ అన్నాడు. ఆంటీ అన్నందుకు కోపం రావాలో, పట్టీ తెగినందుకు రావాలో తేల్చుకునేలోపే మాయమయ్యాడు.

కిందికి దిగితే కరపత్రాల వాన. ఏ కోర్సు చేస్తే ఎన్ని నెలల్లో ఉద్యోగమో చెప్పే కాగితాలు చేతిలో కుక్కుతూనే ఉన్నారు. వాటిలో ఒకటి మాత్రం తెరిచి చూశాను. థీసిస్ రాసిపెడతాం, ఇంటర్నేషనల్ జర్నల్‌లో పబ్లికేషన్ గ్యారంటీ, వారం రోజుల్లో! వారమట. ఒళ్లు మండిపోయి దాన్ని ఉండచుట్టి చెత్తడబ్బా వెతికితే ఎక్కడా కనబడలేదు, మళ్లీ బ్యాగులోనే వేసుకున్నాను.

మధురానగర్ దాకా నడక. గల్లీకి అటూ ఇటూ ఆడపిల్లల హాస్టళ్లు, బాల్కనీల నిండా ఆరేసిన బట్టలు. రెండు హాస్టళ్ల నడుమ మెట్ల కింద, ఒక కుట్టుమిషను, ఒక మనిషి, ఒక స్టూలు మాత్రం పట్టేంత జాగాలో ఖాజా టైలర్స్. పైన రాసిన మాట: అన్ని రకముల ఆల్టరేషన్.

“అరె మేడమ్! రాండ్రి, రాండ్రి. జర కూసోండి, గీ రెండు ప్యాంట్లు ఇచ్చేస్త.”

ఆ రెండు ప్యాంట్లు మధ్యాహ్నం ఒంటిగంట దాకా పూర్తి కాలేదు. ఎందుకంటే ప్రతి ఐదు నిమిషాలకూ ఒక అమ్మాయి వచ్చి, అంకుల్ నాది అర్జెంట్ అంటుంది. ఆయన ప్రతి ఒక్కరికీ ‘అయిపోయింది బేటా’ అంటాడు. ఏదీ అయిపోలేదు. నేను స్టూలు మీద కూర్చుని, తెగిన బ్యాగు ఒళ్లో పెట్టుకుని, సమ్మతి పత్రం చేతిలో పట్టుకుని, శుక్రవారం గురించి ఆలోచిస్తున్నాను. చివరికి ఆయనే, “తిని రాండ్రి మేడమ్, నేను సుత తింట” అన్నాడు. నాలుగిళ్ల అవతల మెస్సులో భోంచేశాను. పప్పు, గోంగూర పచ్చడి, రసం, అన్నం అడిగినంత. రోజంతా నన్ను విసిగించనిది ఆ గోంగూర ఒక్కటే.

రెండున్నరకు మళ్లీ వెళ్లాను. ఆయన ఈసారి నా బ్యాగు వంక చూశాడు.

“ఏంది మేడమ్, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకున్నరు? ఇటియ్యండి. నేను కుడుత, మీరు చదవండి. నా గురించి ఏం రాసిండ్రో నాకు తెల్వాలె కదా.”

అడిగింది న్యాయమే. వ్యాసం తీసి, ఆయనకు సంబంధించిన భాగం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఆయన తలూపుతూ పట్టీకి కుట్టు వేస్తున్నాడు. రెండు దేశాల అధికారుల మాట వచ్చినచోట నవ్వాడు. గోదాము దగ్గరికొచ్చేసరికి నవ్వు పోయింది. “ఇకపై ఈయనను సలీం అని పిలుద్దాం” అనే వాక్యం దగ్గర మిషను ఆగింది.

“సలీం ఎవడు?”

“మీరే భాయ్.”

“నేనెందుకైత? నేను ఖాజా గద.”

మీకు ఏ ఇబ్బందీ రావద్దని పేరు మార్చాను, అది వాళ్ల నియమం అని చెప్పాను. “వచ్చే ఇబ్బంది అంత వచ్చిపోయింది మేడమ్, ఇగ కొత్తగ ఏమొస్తది?” అన్నాడు. నేను ఓపిగ్గా పత్రం చూపించాను. మీ పేరు ఎక్కడా బయటపెట్టబోమని ఇందులో వాళ్లు మాటిస్తున్నారు, దానికి మీరు ఒప్పుకున్నట్టు ఇక్కడ పూర్తి పేరు రాసి, పక్కన సంతకం పెట్టాలి అన్నాను.

ఆయన పత్రాన్ని అటూ ఇటూ తిప్పాడు. “పేరు రాయొద్దని చెప్పేటందుకు నా పేరు రాయాల్నా?”

అవునన్నాను.

“అక్కడ గోదాముల మమ్మల్నందర్ని రఫీక్ అనేటోళ్లు. పేరడిగినోడు లేడు. నేను రఫీక్, నా పక్కపొంటి నేపాలోడు రఫీక్, వంటోడు సుత రఫీకే. గిప్పుడు మీరు సలీం చేసిండ్రు.”

నాకు చివుక్కుమంది. చివుక్కుమంటే నాకు కోపమొస్తుంది, అది నా స్వభావం. “ఖాజా భాయ్, నేను మిమ్మల్ని అవమానించాలని పెట్టలేదు. రేపటిలోగా ఈ సంతకం పంపకపోతే నా వ్యాసం పోతుంది. వ్యాసం పోతే నా ఉద్యోగం పర్మనెంటు కాదు. ఇన్నేళ్ల చాకిరీ గంగపాలే” అని గట్టిగానే అన్నాను. దారినపోయే అమ్మాయి ఆగి చూసింది.

ఆయనా నొచ్చుకున్నాడు. “మీ నౌకరి పోవాలని నాకెందుకుంటది మేడమ్? కని నాకు సమజ్ గాని కాగితం మీద సంతకం పెట్టనని కసమ్ తిన్న. గ్యాసు కాగితం సుత మా ఇంటామెనే పెడుతది.” తర్వాత మిషను డ్రాయరులోంచి ఒక తెల్ల రిబ్బను చుట్ట తీశాడు. దాని మీద వరసగా ఎర్ర అక్షరాల్లో ఖాజా టైలర్స్, మధురానగర్ అని నేసి ఉంది. అందులో ఒక ముక్క కత్తిరించి నా బ్యాగు లోపల, పట్టీ మొదట్లో కుట్టేశాడు. “ఒక్క బటను కుట్టినా నా లేబుల్ పడాల్సిందే. రేపు ఊడితే ఎవర్ని తిట్టాలె? సలీంనా?”

అది కాక ఆయనకు ఇంకో లెక్క ఉంది. తనను పంపిన ఏజెంటు ఆఫీసు పంజాగుట్టలో ఉండేది. తన పేరుతో ఇంగ్లీషు పుస్తకంలో పడితే అది తీసుకుపోయి వాడి బల్ల మీద పెట్టాలని ఆశ. వాడు చదవగలడా అని అడిగితే, “చదివించుకుంటడు మేడమ్, భయమున్నోడు చదివించుకుంటడు” అన్నాడు. ఆ జర్నల్ తెరవాలంటే మా కాలేజీకే అనుమతి లేదని, అచ్చయ్యాక నా వ్యాసం నేనే డబ్బు కట్టకుండా చదవలేనని ఆయనకు ఎట్లా చెప్పను? చెప్పలేదు. వాడి ఆఫీసుకే పోదామని, రేపు పొద్దున తొమ్మిదింటికి పంజాగుట్ట మెట్రో దగ్గరికి రమ్మన్నాడు. అక్కడే ఏదో ఒకటి తేల్చుకుందాం అన్నాడు.

సాయంత్రం ఐదింటికి అమీర్‌పేట మెయిన్ రోడ్డు మీద ఒక జిరాక్సు, ఇంటర్నెట్ షాపులో కూర్చుని పత్రం మొత్తాన్ని తెలుగులోకి మార్చి టైపు చేయించాను. షాపు ప్రసాద్ గారిది, గుంటూరు వైపు మనిషి. టైపు చేస్తూనే నా గోడు మొత్తం విన్నాడు.

“ఏంటి మేడం గారూ, దీనికోసం కరీంనగర్ నుంచి వచ్చారా? మీరే ఓ గీత గీకేసి స్కాన్ చేసి పంపేయండి. ఆ దొరలకి ఆయన సంతకం ఎలా ఉంటుందో తెలుసా ఏంటి?”

నిజం చెబుతున్నాను, పెన్ను తీశాను. ఇంగ్లీషు పత్రం ముందు పెట్టుకున్నాను. పేరు పెద్ద అక్షరాల్లో రాయమన్న గీత దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆయన రాయనని చెప్పిన చోట ఆయన పేరు నేను రాస్తే, ఆ గోదాము వాళ్లు చేసిందీ ఇదే కదా. దాని మీద ఎనిమిది వేల మాటలు రాసినదాన్ని నేను. సిగ్గేసింది, ఆ సిగ్గు మీద మళ్లీ కోపమొచ్చింది. పెన్ను మూసేసి, తెలుగు ప్రతి కూడా తీసుకుని బయటపడ్డాను.

బస ఎర్రమంజిల్‌లో, మా అక్క రూతు క్వార్టర్స్‌లో. అక్క సర్కారీ ఆఫీసులో పనిచేస్తుంది, ఆదివారాలు చర్చిలో పిల్లలకు సండే స్కూలు చెబుతుంది. ఎనిమిదింటికి భోజనాల ముందు కళ్లు మూసుకుని, నా వ్యాసం గురించి కూడా కలిపి పొడుగ్గా ప్రార్థన చేసింది. ఆమెన్ అనగానే కళ్లు తెరిచి, “ఏదే, ఆ కాగితం ఇటియ్యి, నేను పెడ్త సంతకం. నా దస్తూరి ఎవ్వలకు తెల్వది” అంది.

“అక్కా! సండే స్కూలు చెప్తవు గదనే నువ్వు!”

“అది ఆదివారం. ఇయ్యాల గురువారం.”

చేపల పులుసు తింటూ ఇద్దరం కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నాం. నవ్వాక మళ్లీ గుబులే. నిద్ర పట్టే ముందు అక్క ఊరికే అంది, “సంతకం రాకపోతే ఏం చేస్తవే చిన్నీ?”

శుక్రవారం తొమ్మిదింటికి పంజాగుట్ట మెట్రో మెట్ల దగ్గర నిలబడ్డాను. ఖాజా భాయ్ తొమ్మిదిన్నర దాటాక స్కూటీ మీద వచ్చాడు. ట్రాఫిక్ మేడమ్, అన్నాడు. పంజాగుట్టలో అందరూ ఆలస్యానికి ఆ ఒక్క మాటే చెబుతారు, అది అబద్ధమని నిరూపించడం ఎవరి వల్లా కాదు. చౌరస్తా దాటి ఒక సందులోకి తిరిగి, ఒక పాత భవనం రెండో అంతస్తుకు ఎక్కించాడు. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి చొక్కా సరిచేసుకున్నాడు.

లోపల పెళ్లికూతుళ్ల మేకప్ స్టూడియో. గోడల నిండా అద్దాలు, అద్దాల చుట్టూ బల్బులు. కౌంటరు దగ్గరున్న అమ్మాయి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

“అపాయింట్‌మెంట్ ఉందా సార్?”

“ఉండె” అన్నాడు ఖాజా భాయ్. “మస్తు ఏండ్ల కింద.”

ఇంతకుముందు ఇక్కడుండే ఆఫీసు ఎటుపోయిందని అడిగితే ఆ అమ్మాయికి తెలియదు. మేం వచ్చి నాలుగేళ్లయింది, అంతకుముందు ఇక్కడ జిమ్ ఉండేదట అంది. ఆయన కిటికీ పక్కన ఒక మూల చూపించాడు. “అగో, ఆ పోరి గోరింటాకు పెట్టించుకుంటున్న కాడ టేబుల్ ఉండె. ఆడనే పెట్టిన ఫస్ట్ సంతకం.” కోపం చూపించడానికి మనిషే లేకపోతే ఆ కోపం ఎంత ఇబ్బందిగా ఉంటుందో ఆయన మొహంలో చూశాను.

కింద హోటల్లో రెండు చాయ్‌లు, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించాను. గడియారం పదిన్నర.

“భాయ్, ఏజెంటు లేడు. చదివించుకునేటోడే లేనప్పుడు ఇంక పేరెందుకు? సలీం అని ఉండనియ్యండి, నా పని అయిపోతది.”

ఆయన బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగి గ్లాసులో పడ్డాక దాన్నే చూస్తూ అన్నాడు. “వాడు లేకపోతేంది మేడమ్. నేనున్న గద.”

తెలుగు పత్రం ఆయన ముందు పెట్టాను. వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు, ఏడో తరగతి చదువు, తొందర లేదు. చదివి వెనక్కి తిప్పి, ఖాళీ పుటలో నా పెన్నుతో రాశాడు: ‘నేను ఖాజా మొయినుద్దీన్, టైలర్. మేడమ్‌కు ఇదంత చెప్పింది నేనే. అంత నిజమే చెప్పిన. అచ్చు వేసుకోవచ్చు. నా పేరు నా పేరే రాయాలె. సలీం అని రాయొద్దు.’ కింద సంతకం పెట్టాడు. పెట్టాక నా వైపు చూసి, “అయిపోయిందా? ఇంతేనా?” అన్నాడు.

వాళ్లకిది చాలుతుందో లేదో తెలియదు, పంపి చూస్తానని చెప్పాను. జుమ్మా నమాజులోపు ఇచ్చేయాల్సిన ప్యాంట్లున్నాయని స్కూటీ ఎక్కి వెళ్లిపోయాడు.

ప్రసాద్ గారి షాపుకు మళ్లీ పరుగు. ఖాజా భాయ్ రాసిందంతా ఇంగ్లీషులోకి అనువాదం చేసి, ఒక్క మాట కూడా వదలకుండా, రెండూ కలిపి స్కాన్ చేయించాను. పోర్టల్ మొదట ఫైలు పెద్దదంది. చిన్నది చేస్తే మసగ్గా ఉందంది. మూడోసారి అప్‌లోడ్ అవుతుండగా, మీరు చాలాసేపు ఏమీ చేయలేదు కాబట్టి బయటికి పంపేస్తున్నాం అంది. ఏమీ చేయలేదట! “మేడం గారూ, కుర్చీ విరుగుతుంది, మెల్లగా” అన్నాడు ప్రసాద్ గారు. పన్నెండు దాటాక ఎక్కింది. ఒంటిగంటకు జూబ్లీ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ బస్సు పట్టుకున్నాను. మళ్లీ జీరో టికెట్, ఈసారి వెనక సీటు.

మూడున్నర ప్రాంతంలో, సిద్దిపేట ఇంకో పది నిమిషాలుందనగా ఫోన్‌లో జర్నల్ వాళ్ల ఈమెయిల్ వచ్చింది. వాళ్లకు అప్పుడే తెల్లవారి ఆఫీసు తెరిచినట్టున్నారు. అభినందనలు, సమ్మతి పత్రం అందింది, వ్యాసం ఈ సంచికలో వెళుతుంది! సీట్లోంచి సగం లేచాను. కింద ఇంకో రెండు వరసలున్నాయి. వ్యక్తి భద్రత దృష్ట్యా పత్రంలో ఆయన పేరు, సంతకం నల్లరంగుతో కప్పేశాం, వ్యాసంలో సలీం యథాతథంగా ఉంటుంది, చివరి ప్రూఫు జతచేశాం, సాయంత్రంలోగా ఆమోదించండి అని. ఆ నల్లరంగు పూసిన కాగితం కూడా పంపారు. సలీం అని రాయొద్దు అన్న వాక్యం మాత్రం శుభ్రంగా కనబడుతోంది. దాని పక్కన నా అనువాదం కూడా కనబడుతోంది. చదివినవాడు లేడు. అడుగున సంతకం ఉందా లేదా అని చూసుకున్నారు, అంతే.

ప్రూఫు కింద రెండు బటన్లు: ఆమోదిస్తున్నాను, ఆమోదించడం లేదు. మొదటిది నొక్కితే వచ్చే నెల ఇంటర్వ్యూలో అచ్చయిన వ్యాసం నా చేతిలో ఉంటుంది. ఆయనకు తెలిసే దారే లేదు. అచ్చయింది భాయ్ అని చెబితే నమ్ముతాడు, మిఠాయి కూడా పంచుతాడు. వేలు ఆ బటను మీదే ఉంది. సిగ్నల్ పోయింది.

సిద్దిపేట బస్టాండులో పది నిమిషాలు ఆపారు. టీ తాగి వస్తుంటే మా డ్రైవరు హారన్ కొట్టాడు. ఉరికాను. ఉరకడంలో భుజం మీద బ్యాగు పట్టీ పర్రుమని ఊడిపోయింది. నిన్న కుట్టిన కుట్టే! అక్క కట్టిచ్చిన స్టీలు డబ్బా దొర్లుకుంటూ పోయి బస్సు చక్రం దగ్గర ఆగింది, సకినాల ముక్కలు, ఉండచుట్టిన ఆ థీసిస్ కరపత్రం, పెన్ను, అన్నీ నేల మీద. కండక్టరు “జల్ది, జల్ది” అంటున్నాడు. వంగి అన్నీ ఏరుకుంటూ, “ఖాజా భాయ్, నీ కుట్టు తగలెయ్య!” అని అందరూ వినేట్టు తిట్టాను. తిట్టి బ్యాగు తెరిస్తే లోపల ఎర్ర అక్షరాలు: ఖాజా టైలర్స్, మధురానగర్.

సీట్లో కూర్చున్నాను. ఊడితే ఎవర్ని తిట్టాలో నాకు తెలుసు. రేపు నా వ్యాసంలో ఒక మాట తప్పని ఎవరైనా అంటే ఎవర్నడగాలి? సలీంనా? రెండో బటను నొక్కాను. కారణం రాయమని ఒక గడి వచ్చింది. ఈ మనిషి తన పేరు వేయమన్నాడు, మీ దగ్గరున్న కాగితంలో ఆ మాటే ఉంది, చదవండి, ఆయన పేరు లేకుండా ఈ వ్యాసం మీద నా పేరు వేయకండి అని రాసి పంపాను. వచ్చే నెల ఇంటర్వ్యూకు ఏం తీసుకుని పోతానో నాకు తెలియదు. ఇది రాసే వేళకు కూడా వాళ్ల జవాబు రాలేదు.

ఈ దారిన పోయేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. నీలం లైను బోర్డు చూసుకోండి. మధురానగర్ మెస్సులో గోంగూర తప్పక అడగండి. ఎవరి సంతకం కోసమైనా పోతుంటే, కాగితం వాళ్ల భాషలో తీసుకుపోండి, వెనకవైపు ఖాళీ ఉంచండి. చేతిసంచిలో బరువు తగ్గించుకోండి, పట్టీలను నమ్మలేం.

బస్సు సిద్దిపేట దాటాక ఖాజా భాయ్‌కి ఫోన్ చేసి ముందు తిట్టాల్సినదంతా తిట్టాను. ఆయన మొత్తం విన్నాడు.

“గలత్ అయింది మేడమ్, ముచ్చట్లల్ల పడి ఒక్కటే కుట్టేసిన. మళ్లొచ్చినప్పుడు తేండ్రి, డబల్ కుట్టేస్త, పైస వద్దు.” మిషను చప్పుడు ఆగింది. “మేడమ్, నా పేరు పడుతదా?”

“పడకపోతే నాది సుత పడది భాయ్.”

అటువైపు ఎవరో అమ్మాయి, అంకుల్ నాది అర్జెంట్ అంటోంది. ఖాజా భాయ్, అయిపోయింది బేటా అన్నాడు.